గంప ఎత్తిన వేళ

పెబ్బేరు సంతలో మేదరివారు కూర్చుండు వరుస యొకటి యుండెడిది. చాటలు, జల్లెడలు, బుట్టలు, ధాన్యపు గంపలు వారి ముందు అంతస్తులుగా పేర్చియుండగా, ఆ వరుస చివర నేలపై బోర్లించిన కోళ్ల గంపలు కనిపించెడివి. అడుగు విశాలము, పైభాగము గుండ్రము, నడినెత్తిన చేయి దూరునంత రంధ్రము. వెదురుబద్దల సందులలో గాలి ఆడవలెను గాని పిల్లి పంజా దూరరాదు. కొనవచ్చిన స్త్రీలు ఆ రంధ్రములో చేయి పెట్టి, మోచేతివరకు త్రిప్పి చూచి, బద్ద అంచులు గీచుకొనకున్నచో అప్పుడు బేరము మొదలుపెట్టెడివారు. ఇటీవల ఆ సంతకు పోయి ఆ వరుస కొరకు వెదకితిని. చాటలు కొన్ని కలవు. జల్లెడల స్థానమును ప్లాస్టిక్ సరకు ఆక్రమించినది. కోళ్ల గంప యొక్కటియు లేదు. విచారింపగా, "ఇప్పుడెవరు కొంటరు సారూ, పెండ్లిండ్లకు పండ్లబుట్టలు అడుగుతరు గానీ" అని యొక మేదరి వృద్ధుడు చెప్పెను.

గంప పోయినదన్నమాట చిన్నదే. కాని ఆ గంపను ప్రతి ప్రాతఃకాలమున ఎత్తుచుండిన చేతులు, ఎత్తిన క్షణమున నేలను పరీక్షించిన కన్నులు, ఆ కన్నులు చూచినదానిని బట్టి సాగిన యొక గృహవైద్యము, ఇవన్నియు గంపతోపాటే అంతరించినవని తోచగా, దానిని గూర్చి వ్రాయవలెనను సంకల్పము కలిగెను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో పెరటికోళ్లకు నట్టలు, అనగా కడుపులోని క్రిములు, పడినప్పుడు మా ఇండ్లలో జరిగెడి చికిత్స ఈ వ్యాసమునకు విషయము. ఇది అల్పవిషయమని తలచువారుందురు. ఈ నేలకే చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారు రాజుల జయాపజయముల కంటె ప్రజల తిండిని, కట్టును, ఆటపాటలను ముఖ్యముగా నెంచి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ను రచించిరి. తెలుగులో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము మొట్టమొదట 1955లో ఆ గ్రంథమునకే లభించినది. ఆయన చూపిన త్రోవలో కోళ్లగూటికి సైతము చోటు కలదని నా విశ్వాసము.

తెల్లవారి పరీక్ష

మా వైపు ఇండ్లు మట్టిమిద్దెలు. చౌడుమన్ను దట్టించిన మిద్దె వెనుక దొడ్డి, దొడ్డిలో నొకవైపు పశువుల కొట్టము, మరియొకవైపు పెంటకుప్ప, ప్రహరీమూలను బండలు నిలిపి పైన నొక బండ పరచి మట్టితో మెత్తిన కోళ్లగూడు: ఈ అమరిక గద్వాల కోటచుట్టు వీధులలోనైనను, వనపర్తి రాజప్రాసాదమునకు దూరముగా నుండిన రైతువాడలలోనైనను, నాగర్‌కర్నూలు కేసరిసముద్రము చెరువు క్రింది కాపుల ఇండ్లలోనైనను ఇంచుమించుగా ఒక్క తీరుననే యుండెడిది. కోళ్లను పెంచని కులములవారి ఇండ్లు కొన్ని కలవు. పెంచెడి ఇండ్లలో మాత్రము అది సంపూర్ణముగా స్త్రీల వ్యవహారము. గ్రుడ్లమ్మిన పైసలు ఇంటి యజమాని చేతికి పోవు. ఉప్పు, పసుపు, పిల్లల పలకబలపములు ఆ పైసలతోనే వచ్చెడివి. పోచమ్మకు మ్రొక్కిన పుంజు, జమ్మిచేడు జములమ్మ జాతరకు వెంట పోవు కోడి, అల్లుడు వచ్చిన రాత్రి కోయు కోడి, ఇవన్నియు ఆ దొడ్డినుండియే రావలెను. కావున కోడికి జబ్బు చేసినచో మొదట నష్టపోవునది స్త్రీ. దానిని ముందుగా పసిగట్టు విద్యయు ఆమెదే.

మా అవ్వ పుంజు రెండవ కూతకు లేచెడిది. రాత్రి కోళ్లను కమ్మునపుడే జల్లించిన పొయ్యిబూడిదను గంప క్రింద పలుచగా పరచియుంచుట ఆమెకు నిత్యనియమము. తెల్లవారి గంప అంచు నేలను రాచుకొనుచు లేచు చప్పుడు, వెంటనే రెక్కల టపటప, పిల్లల కిచకిచ, పెట్ట గొంతులోని గురగుర, ఆపైన "బ్బో బ్బో బ్బో" యను పిలుపు, ఇంట నిద్రించువారికి ఇవియే మేలుకొలుపులు. తల్లికోడి బయటకు దూకి గింజల కొరకు ఆమె కాళ్లచుట్టు తిరుగుచుండగా, అవ్వ గింజలు చల్లక, గంపను ఒకచేత పట్టుకొనియే వంగి, బూడిదపై పడిన రెట్టలను ఒక్కొక్కటిగా చూచెడిది. బూడిదపైన రెట్ట రంగు, తడి, ఆకారము స్పష్టముగా తెలియును. ముద్దగా గట్టిపడి పైన సున్నపు చుక్క గలది ఆరోగ్యలక్షణము. పచ్చగా నీళ్లవలె పోయినచో దాని లెక్క వేరు. ఎర్రజీర కనిపించినచో దాని భయము వేరు. బియ్యపునూక వంటి తెల్లని తునుకలు కనబడి, అందొకటి మెల్లగా ముడుచుకొని మరల చాచుకొనుచున్నచో బద్దెపురుగు పడినదని నిశ్చయము. బెత్తెడు పొడవున పసుపుతెలుపు రంగుగల ఏలికపాము స్వయముగా బయటపడుట అరుదు. అది బయటపడిన నాటికి కడుపులో నెన్నియున్నవో ఊహింపవలసినదే.

కంటి పరీక్ష ముగిసిన పిమ్మట చేతి పరీక్ష. "ఆ నల్లపెట్టను పట్టుకరా బిడ్డా" యని నన్ను పంపెడిది. నేను దానిని దొడ్డి మూలకు తరిమి పట్టి తెచ్చి ఈయగా, దాని రెక్కలను తన ఎడమచంకలో నొత్తిపట్టి, కుడిచేతి బొటనవ్రేలితో రొమ్మెముక వెంబడి పైనుండి క్రిందికి తడవిచూచి, రెప్పలు విప్పి కన్ను చూచి, జుట్టును రెండు వ్రేళ్ల నడుమ నదిమి విడిచి రంగు మరల వచ్చుచున్నదో లేదో చూచెడిది. కోడికి సంస్కృతమున తామ్రచూడమని పేరు. ఆ తామ్రవర్ణము పాలిపోయినచో ఆమె ముఖమున విచారము తోచెడిది. "బరువు లేదు. రొమ్ముబొక్క చేతికి తగులుతున్నది. గింజలు గంపెడు తింటది, తిన్నదంతా యాడ పోతున్నది? నట్టలే తింటున్నయి" అని నిర్ణయము చెప్పి, దాని కాలికి ఒక పాతగుడ్డ పీలిక కట్టి విడిచెడిది. ఆకలి తగ్గక యుండగనే పక్షి చిక్కిపోవుట, రెక్కలు జారవిడుచుట, గ్రుడ్లకు వచ్చిన పెట్ట అకస్మాత్తుగా గ్రుడ్లు మానుట, ఈ లక్షణములనే నేటి పశువైద్య గ్రంథములును చెప్పుచున్నవి.

నేల, వాన, క్రిమి

"మిరుగం పడినంక కోళ్లు చిక్కుతయి" అని మా వీధి స్త్రీలందరు అనెడివారు. మృగశిరకార్తె తొలివానలకు దొడ్డినేల తడిసి, పెంటకుప్ప ఆవిరి గ్రక్కి, వానపాములు, చీమలు, పేడపురుగులు బయలుదేరగా కోళ్లన్నియు ఉత్సాహముతో అచ్చటనే చేరును. ఆ ఉత్సాహకాలమే వానికి అపాయకాలము కూడ. ఆస్కరీడియా గల్లి యని శాస్త్రజ్ఞులు పేర్కొను కోడి ఏలికపాము గ్రుడ్లు రెట్టతో నేలబడి, తడియు వెచ్చదనమును దొరకినచో 10 నుండి 20 దినములలో రోగము కలిగింపగల స్థితికి వచ్చును. వానిని గింజతోపాటు కోడి మ్రింగినను, వానిని మ్రింగిన వానపామును కోడి తినినను ఫలమొక్కటే. పిల్లక్రిములు కొంతకాలము ప్రేగుగోడలో దాగి, పిమ్మట ప్రేగులోనే ఎదిగి, 5 నుండి 8 వారములకు తామును గ్రుడ్లు పెట్టనారంభించును. బద్దెపురుగు మార్గము వేరు. అది నేరుగా కోడినుండి కోడికి పోజాలదు. దాని గ్రుడ్డును చీమయో, పేడపురుగో, ఈగయో తినవలెను, ఆ కీటకమును కోడి తినవలెను. 3 నెలలు దాటని పిల్లలు ఈ బాధకు ఎక్కువగా లొంగును. ముదిరిన పెట్టలు పైకి దృఢముగా కనబడుచునే క్రిమిగ్రుడ్లను దొడ్డియంతట వెదజల్లుచుండును.

మా అవ్వకు సూక్ష్మదర్శిని లేదు, ఈ జీవితచక్రములను వర్ణించిన పుస్తకము లేదు. అయినను ఆమె పాటించిన నియమములను ఈ జ్ఞానముతో సరిపోల్చి చూచినప్పుడు ఆశ్చర్యము కలుగును. పిల్లల గంపను ఒకే చోట వరుసగా బోర్లింపనిచ్చెడిది కాదు. నేడు బావివైపు, రెండునాళ్లకు గాదెవైపు, ఆపైన వేపచెట్టు మొదట, ఇట్లు స్థలము మారుచునే యుండవలెను. పెద్దకోళ్లు రాత్రులు పడుకొను గూటిదగ్గరకు పిల్లలను రానీయరాదు. వారమునకొకమారు గూటిని పారతో గీకి, ఆ పెంటను దొడ్డిలోని పెంటకుప్పపై వేయక తట్టకెత్తి చేనికి పంపవలెను. గూటిలో సున్నము, బూడిద కలిపి చల్లి, తలుపుబండ తీసి మిట్టమధ్యాహ్నపు టెండ లోపలికి సోకనీయవలెను. నీటి మూకుడును నేలపై నుంచక, కోడి మెడ యెత్తి త్రాగునట్లు రాతిపై నుంచవలెను. నూకలు చల్లుచోటు ఊడ్చిన బండ కావలెను. ఎండయు పొడియు క్రిమిగ్రుడ్లను చంపునని నేడు మనకు తెలియును. వర్షాభావమునకు పేరుపడిన పాలమూరు నేల, వేసవిలో ఆ పనిని తానే చేయుచుండెడిది. ఆ వేసవి మిగిల్చిన మేలు తొలివానకు చెడిపోకుండ కాపాడుటయే ఆమె నియమముల సారాంశము.

పిల్లల పోషణయు ఈ చికిత్సలో నొక భాగమే. పొలముగట్టున పాతకుండలో పేడ, చొప్పముక్కలు, చింకిగోనె కుక్కి తడిపి బోర్లించి, మరునాటికి పట్టిన చెదలను తెచ్చి గంప క్రింద దులిపినచో, పిల్లలు పోటీపడి తినెడివి. మునగాకు, తోటకూర తుంపి వ్రేలాడగట్టెడివారు. ఏ విటమిను లోపించినచో కోడిపిల్ల ఏలికపాముల కెక్కువగా లొంగునో, ఆ 'ఎ' విటమిను పచ్చని ఆకులనుండియే కదా లభించునది.

మందు పెట్టునాడు

మా ఇంట నట్టలమందునకు దినము అమావాస్య మరునాడు. నెలకొకమారు తప్పక గుర్తుండుటకు ఆకాశమును మించిన పంచాంగము లేదు. కడుపులో చేరిన క్రిమి గ్రుడ్లు పెట్టు వయస్సునకు రాకముందే మరియొక మందు పడుటకు నెల గడువు సరిపోవుననుట తరువాత చదువుకొన్న మాట.

ముందురాత్రి గింజ వేయరాదు. గుడ్డపీలిక కట్టిన కోళ్లను వేరుగంప క్రింద కమ్మి, నీరుమాత్రముంచెడివారు. ఆ రాత్రియే మందుల తయారి. మోదుగచెట్లు విస్తారముగా నుండిన ఊళ్ల స్త్రీలు వేసవిలోనే కాయలు ఏరి గింజలు దాచుకొనెడివారు. పలుచని ఆ గింజలను నీట నానవేసి, ఉబ్బిన పైపొరను గోటితో ఒలిచి, లోపలి పప్పును ముందునాళ్లలోనే ఎండబెట్టియుంచుకొని, రోట దంచి వస్త్రగాళితము చేసెడివారు. పచారి అంగడినుండి తెచ్చిన వాయువిడంగములు, దొడ్డివేపాకు, ఎల్లిగడ్డ, పసుపుకొమ్ము వేరుగా నూరెడివారు. నల్లరేగడి చేలలో ప్రాకు గాడిదగడపాకు తెలిసినవారు దానిని చేర్చెడివారు. నల్లమల అడవిలో పెరుగు కుంకుమచెట్టు కాయలపై నుండు ఎర్రని పొడి బద్దెపురుగుపై పనిచేయునను ప్రసిద్ధి మన దేశమున చిరకాలముగా కలదు; వెనుకటి పాశ్చాత్య కుక్కుటవైద్య గ్రంథములు కూడ దానిని కమలా యను పేర ఆ పనికే విధించినవి.

తెల్లవారి అవ్వ దొడ్డిలో పీట వేసుకొని కూర్చుండగా ఆమె ముందు మూడు వస్తువు లుండెడివి: జొన్నసంకటిలో మందు కలిపి చేసిన శనగగింజంతేసి ఉండలు, ఒక గిన్నెలో పలుచని మజ్జిగ, ఒక చిన్నచిప్పలో వంటాముదము. కోడిని ఒడిలోనికి తీసికొని, దాని కాళ్లు తన మోకాళ్ల నడుమ నదిమి, ఎడమచేతి బొటనవ్రేలును చూపుడువ్రేలును ముక్కు మూలలయందుంచి మెల్లగా నొత్తగా నోరు తెరచుకొనును. ఉండను నాలుక వెనుకకు జార్చి, ముక్కు మూసి, గొంతు క్రిందుగా ఒక వ్రేలితో నిమిరెడిది. ఆ నిమురుటలో తొందర కూడదు. ఉండ ఆహారసంచిలోనికి జారినట్లు వ్రేలికి తెలిసిన పిమ్మట రెండు చుక్కల మజ్జిగ. "దమ్ము తియ్యనియ్యాలె, లేకుంటే గొట్టంల పడి చస్తది" అని ప్రక్కన కూర్చుండిన కోడండ్రకు చెప్పుచు, వారిచేత ఒకదానికైన చేయించెడిది. రెండు గడియలు గడచిన తరువాత ఆముదము; పెట్టకు కొంచెము, పిల్లకు దూదితో తడిపినంత. పాలమూరు మెట్టచేలలో ఆముదపుపంట విస్తారము; నాగర్‌కర్నూలు సమీపమున పాలెములోని వ్యవసాయ పరిశోధనస్థానము ఆ పంటపై నేటికిని పరిశోధనలు జరుపుచున్నది. గింజను వేయించి దంచి నీట కాచి తీసిన ఆ నూనె, దీపమునకు, తలకు, పసిపిల్ల కడుపునకు, చివరకు కోడి ప్రేగునకు కూడ ఉపకరించెడిది.

ఆ దినమంతయు మందుకోళ్లను విడువరాదు. గంప క్రింద పడినదానిని సాయంకాలము వరకు చూచి, పడిన క్రిములను రెట్టతోసహా పొయ్యిలో వేయవలెను. దొడ్డిలో పారవేసినచో చేసిన శ్రమ వృథా యని అవ్వ గట్టిగా చెప్పెడిది. మరునాడు మజ్జిగలో కలిపిన మెత్తని సంకటి, మూడవనాడు గింజ. వారము గడచినపిదప మరల చంకలో పెట్టుకొని రొమ్మెముక తడవి చూచిన తరువాతనే కాలి పీలిక విప్పెడిది.

గ్రంథమున కెక్కని విద్య

చరకుడు విమానస్థానమున క్రిములను 20 విధములుగా విభజించి, వాని చికిత్సకు మూడు మెట్లు విధించెను. ఒకటి అపకర్షణము, అనగా దేహమునుండి క్రిములను లాగివేయుట. రెండవది ప్రకృతివిఘాతము, అవి బ్రతుకుటకు అనుకూలమైన స్థితిని చెరచుట. మూడవది నిదానపరివర్జనము, అవి కలుగుటకు హేతువైన దానిని విడుచుట. మా అవ్వ చరకుని పేరు విని యెరుగదు. అయినను ఉపవాసము, ఉండ, ఆముదము మొదటి మెట్టుగాను, చేదును కారమును నిండిన ఆకులలములు రెండవ మెట్టుగాను, బూడిద, ఎండ, గంప మార్పు, పొయ్యిలో దహనము మూడవ మెట్టుగాను ఆమె దొడ్డిలో యథాక్రమముగా జరిగినవి. ఇందు మొదటి రెండింటి బలము మితమైనదే యని అంగీకరింపవలెను. మోదుగగింజలోని పలాసొనిన్ అను పదార్థము కోడి ఏలికపాములపై పనిచేయు తీరును మన దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి ప్రకటించిరి. అయినను రోట దంచిన పొడిలో ఆ పదార్థ మెంతయుండునో, అది ప్రేగును చేరునప్పటికి ఎంత మిగులునో నిలకడలేదు. ఆమె నిజమైన బలము మూడవ మెట్టునందుండెను. రోగము పుట్టు చోటు దొడ్డినేలయే యని గ్రహించి, కోడికంటె ముందు నేలకు వైద్యము చేసిన జ్ఞానమది.

గద్వాల సంస్థానమునకు 'విద్వద్గద్వాల' యను కీర్తి కలదు. వనపర్తి, జటప్రోలు సంస్థానాధీశులును కవిపండితులను సత్కరించిరి. ఆ సభలలో వ్యాకరణము, తర్కము, అవధానము విలసిల్లినవి. వానిని గూర్చి గ్రంథములు వెలసినవి. అదే కోటగోడల నీడలో నున్న ఇండ్లలో స్త్రీలు తరతరములుగా పరీక్షించి, సవరించి, కోడండ్రకు ఒడిలో కూర్చుండబెట్టినట్లు నేర్పిన ఈ విద్యను వ్రాసికొన్నవారు లేరు. వ్రాయదగినదని తోచకపోవుటయే అందుకు కారణము. ఈ లోపమునకు ఇప్పుడు మనమందరమును మూల్యము చెల్లించుచున్నాము.

ఆ విద్య చేయలేనిది

జ్ఞాపకము మధురమైనంత మాత్రమున గతమంతయు మేలని చెప్పుట అన్యాయము. ఒక పెట్ట 21 దినములు పొదిగి లేపిన పిల్లలలో సగము దక్కినచో ఆ ఇల్లాలు అదృష్టవంతురాలు. గద్ద, జంగపిల్లి, పాము తీసికొన్నవి కొన్ని. నట్టలు తీసికొన్నవి కొన్ని. బద్దెపురుగు శరీరము తెగి పడినను, ప్రేగున కరచుకొన్న తల మిగిలినచో మరల పెరుగును. నెల తిరుగకముందే బూడిదపై ఆ తునుకలే కనబడెడివి. కొన్ని ఇండ్లలో పొగాకుపొడిని సంకటిలో కలిపెడివారు. దాణాలో పొగాకు కలుపు పద్ధతి విదేశముల కోళ్లఫారములలోను ఒకప్పుడు వాడుకలో నున్నదే. కాని చిటికెకును పిడికిటికిని భేద మెరుగని చేతిలో అది విషమై, తెల్లవారునప్పటికి మందుపడిన కోళ్లే చచ్చిపడియుండెడివి.

కొక్కెర తెగులు వచ్చినప్పుడు మాత్రము ఏ ఉండయు, ఏ ఆకును పనిచేయలేదు. కుమావూన్ కొండలలోని రాణిఖేత్ పట్టణము పేర శాస్త్రజ్ఞులు వ్యవహరించు ఆ మహమ్మారి ఒక వీధిలో ప్రవేశించినచో, మెడలు వంకరపోయి, పచ్చని విరేచనములై, ఊపిరికి నోరు తెరచి, రెండుమూడు దినములలో గూళ్లన్నియు ఖాళీ యయ్యెడివి. నట్టలతో చిక్కిన కోళ్లు ముందుగా పోయెడివి. స్త్రీలు పోచమ్మకు మ్రొక్కి, మిగిలినవానిని పొరుగూరి బంధువుల ఇండ్లకు పంపెడివారు. తెగులును ఆ బంధువుల వాకిళ్లకు చేర్చుచున్నామని వారికి తెలియదు. నేడు ఒక్క టీకాచుక్క ఆ విధ్వంసమును ఆపగలదు. హైదరాబాదు శాంతినగరులోని పశువైద్య జీవౌషధ పరిశోధనసంస్థలో తయారగు టీకాలు మారుమూల పల్లెకును చేరుచున్నవి. ఆ చుక్క మా అవ్వ కాలమున అందియున్నచో ఆమె దానిని కన్నుల కద్దుకొనెడిది.

సీసామందు వచ్చిన తరువాత

పిపరజీన్ అను మందు పశువైద్యశాలలకు వచ్చిన తొలినాళ్లు పల్లెలలో గొప్ప సంభ్రమము కలిగించినవి. నీళ్లలో కలిపి మూకుడులో పోసినచో చాలును. పట్టుట లేదు, నోరు తెరచుట లేదు, ఉపవాసము లేదు. ఆ మందు ఏలికపాము కండరములను వదులుచేయగా, అది ప్రేగుగోడ పట్టుతప్పి రెట్టతో కొట్టుకొనిపోవును. మరునాటి బూడిదపై గుంపులుగా పడిన క్రిములను చూచి అవ్వ చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "ఇన్ని దినాలు ఇవన్నీ కడుపుల పెట్టుకొని గుడ్లు పెట్టినయి గదనే తల్లీ" అని ఆ కోళ్లను జూచి జాలిపడెను. ఆమె ఆ మందును తిరస్కరింపలేదు. బద్దెపురుగుపై అది పనిచేయదని రెండవ నెలకే గ్రహించి, దానికి పాతమందును, దీనికి క్రొత్తమందును వాడుకొనెను. గూడు గీకుట, గంప మార్చుట మాత్రము మానలేదు. తరువాత వచ్చిన లెవమిసోల్, ఆల్బెండజోల్ మొదలగునవి పని మరింత సులభము చేసినవి. రెండు విద్యలు ఒక దొడ్డిలో కలిసి నడచిన ఆ స్వల్పకాలమే నా దృష్టిలో ఉత్తమకాలము.

అది నిలువలేదు. మందు నమ్మకము పెరిగినకొలది గూడు గీకుట తగ్గెను. మరియొక వైపు దొడ్డియే క్రమక్రమముగా కరిగిపోయెను. కరవుకు తాళలేక పాలమూరు కుటుంబములు బొంబాయి, పూనా పనులకు వలసపోవునపుడు, కోళ్లను ఇంటనున్న ముసలివారికో, పాలుకు ఒప్పుకొన్న పొరుగింటికో అప్పగించి పోయెడివారు. తిరిగివచ్చిన కోడండ్రకు నేర్చుకొను తీరిక దొరకలేదు. జూరాల నీరు, కల్వకుర్తి ఎత్తిపోతల నీరు వచ్చి చేలు పచ్చబడుట ఎంతో మేలు. ఆ మేలుతోపాటు జొన్నచేలు తగ్గి, గద్వాల ప్రాంతమున విత్తనపత్తి పెరిగి, పురుగుమందు చల్లిన గట్లపై కోడి తిరుగుట అపాయమైనది. ట్రాక్టరు రాగా ఎడ్లు పోయినవి, ఎడ్లు పోగా పెంటకుప్ప పోయినది. మట్టిమిద్దె స్థానమున స్లాబు, దొడ్డి స్థానమున సిమెంటు గచ్చు వెలసినవి. 2016లో ఈ మూడు పట్టణములును జిల్లా కేంద్రములైన పిదప ఇంటిస్థలముల విలువ పెరిగి, కోళ్లగూటికి చోటు విడుచుట ఎవరికిని గిట్టని పనియైనది.

అంతకుముందే, బండా వాసుదేవరావుగారు వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన 1971 మొదలు, కోళ్లపెంపకము గొప్ప పరిశ్రమయై గ్రుడ్డును కూలివాని పళ్లెములోనికిని, బడిపిల్లల మధ్యాహ్నభోజనములోనికిని తెచ్చినది. అది సామాన్యమైన ఉపకారము కాదు. తీగల పంజరములో నుండు కోడి రెట్ట క్రింద పడిపోవును, కోడి దానిని త్రొక్కదు, తినదు. కావున ఏలికపాము చక్రము అక్కడనే తెగిపోవును. నట్టలు తగ్గుటయు, నట్టలను గుర్తించు కన్ను అనవసరమగుటయు ఒకేమారు జరిగినవి.

మిగిలిన కర్తవ్యము

ఇంతటితో కథ ముగిసినచో ఈ వ్యాసమునకు ప్రయోజనము స్మరణమాత్రమే. కాని నాటుకోడికి మరల గిరాకి వచ్చినది. రాజేంద్రనగరులోని కుక్కుట పరిశోధనసంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతులు, పశువైద్య విశ్వవిద్యాలయపు రాజశ్రీ జాతి పల్లె మహిళల చేతికి వచ్చుచున్నవి. తోటలలో, షెడ్లలో నేలపై కోళ్లను విడిచి పెంచు యువకులు వనపర్తి, కొల్లాపూరు వైపులను కనబడుచున్నారు. కోడి నేలకు దిగగానే నట్టలును మరల వచ్చినవి. పెంచువారు సెల్‌ఫోనులో మందు పేరు విచారించి, అంగడిలో కొని, తోచినప్పుడెల్ల నీళ్లలో కలుపుచున్నారు. ఒకే మందును అదుపు లేక వాడినచో క్రిములు దానికి లొంగకుండు శక్తిని సంపాదించునని గొఱ్ఱెలు, మేకల విషయమున ఇప్పటికే అనుభవమైనది. మందు వేసిన కొన్నాళ్లవరకు ఆ గ్రుడ్డును, మాంసమును తినరాదను నియమమును పాటించువారు కొలదిమంది. షెడ్డులో తడిసిన పొట్టు మీద నెలల తరబడి అవే కోళ్లు తిరుగుచుండగా, చరకుడు చెప్పిన మూడు మెట్లలో మొదటిదానినే పదేపదే ఎక్కి దిగుచున్నాము.

మేలైన మందులు మనకు లభించినవి. వానిని వదలి ఆకుపసరులకు మరలుదమని నేను చెప్పుటలేదు. మోతాదును, మందును నిర్ణయించుట పశువైద్యుని పని. నేలను పొడిగా నుంచుట, పిల్లలను పెద్దకోళ్లనుండి వేరుచేయుట, చోటు మార్చుట, ప్రతి ఉదయము రెట్టను చూచుట, అనుమానమున్న కోడి రొమ్మును తడవి తెలిసికొనుట, ఈ అయిదు పనులకు ఖర్చు లేదు. వీనిని చేసి చూపగల వృద్ధస్త్రీలు ఈ మూడు జిల్లాల పల్లెలలో ఇంకను కొందరున్నారు. మహిళాసంఘములకు కోడిపిల్లలను పంచునాడు, పశువైద్యాధికారి టీకా గూర్చి చెప్పిన తరువాత, ఆ ఊరి ముసలమ్మ నొకతెను పిలిచి పీట వేసి కూర్చుండబెట్టి, కోడి నెట్లు పట్టవలెనో, ఎచ్చట తడవవలెనో ఆమెచేత చెప్పింపవలెను. ఆమె మాటను వ్రాసికొనవలెను. పండితసభలను పోషించిన సీమకు ఇది అగౌరవము కాజాలదు. కుక్కుటశాస్త్రమునకు దొడ్డిలోను ఆచార్యు లుండిరని ఒప్పుకొనుటకు వారు జీవించియుండగనే మనకు అవకాశమున్నది. ఆ పని ఈ వానకాలమునకు ముందే ఆరంభింపవలెను.